గేటు పక్కన బల్ల

మా యోహాన్ బావ చేతికి మోక్షం తాళాలు ఎవరిచ్చారో నాకు ఈ రోజుకీ తెలియదు. పేతురు గారికి ప్రభువే స్వయంగా ఇచ్చారని సువార్తలో ఉంది. మల్కాపురంలో రిటైరైన సెక్యూరిటీ గార్డుకి డూప్లికేటు ఇచ్చినట్టు ఎక్కడా లేదు. అయినా ఇరవై ఏళ్ళుగా మా గుడి పరిధిలో కన్నుమూసిన కతోలికుడెవడూ మా బావ పరిశీలన పూర్తికాకుండా పైకి వెళ్ళిన పాపాన పోలేదు.

సమాధి మీద మట్టి ఆరకముందే తీర్పు వచ్చేస్తుంది. టీ గ్లాసు చేత్తో పట్టుకుని, గొంతు సవరించుకుని, "మనిషి మంచోడే" అని మొదలుపెడతాడు. బావ నోట ఆ మాట వచ్చిందంటే ఆ ఆత్మకు మూడినట్టే. "మంచోడే గానీ, పూజకి ఎప్పుడూ ప్రసంగం అయిపోనాకే వచ్చీవోడు. ఉత్తరించు స్థలంలో ఓ రెండేళ్ళు తప్పదు." పాటల బృందంలో నలభై ఏళ్ళు గొంతు చించుకున్న ఇన్నాసమ్మ గారికి ఆరేళ్ళు వేశాడు, కోడలితో మాట్లాడటం మానేసిందని. ఆ కోడలు పక్కనే నిలబడి వింది. "ఆరేళ్ళేనేటి" అని అడిగింది. నాకైతే చావకముందే పన్నెండేళ్ళు రిజర్వు చేసి ఉంచాడు, నోటి దురుసుకి.

తెలియనివాళ్ళ కోసం ఆ స్థలం సంగతి చెప్పాలి. మా నమ్మకం ప్రకారం మనిషి చనిపోగానే వాడికి విడిగా ఒక తీర్పు జరుగుతుంది. లోకాంతంలో అందరికీ కలిపి జరిగేది వేరు. ఆ మొదటి తీర్పులో, దేవుణ్ణి చివరిదాకా కాదనుకున్నవాడు నరకానికి పోతాడు. మచ్చ లేనివాడు నేరుగా మోక్షానికి పోతాడు. దేవుడితో స్నేహంగానే పోయినా ఇంకా కడగాల్సిన మురికి కొంత మిగిలినవాళ్ళు ఉత్తరించు స్థలంలో శుద్ధి అవుతారు. అంటే మీరూ నేనూ అన్నమాట, అదృష్టం బాగుంటే. అక్కడ ఉన్నవాళ్ళు ఎప్పటికైనా లోపలికి వెళ్ళేవాళ్ళే, అందులో అనుమానం లేదు. మనం ఇక్కడ చేసే ప్రార్థనలు వాళ్ళకు సాయం. అందుకే నవంబరు రెండున సమాధుల పండుగ నాడు పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పైకి చదువుతారు. ప్రతి పేరుకీ జనమంతా నిత్య విశ్రాంతి దయచేయమని ప్రభువుని అడుగుతారు. ఎవరు ఎన్నేళ్ళుంటారో మాత్రం మా తిరుసభ, అంటే కతోలిక సంఘం, ఎక్కడా చెప్పలేదు. ఆ లోటు మా బావ తీర్చాడు.

చావుకి దగ్గరపడ్డ పెద్దవాళ్ళు బావ కనిపిస్తే కాస్త ఎక్కువ వంగి నమస్కారం పెట్టడం మొదలుపెట్టారు. ఒకావిడ ఏకంగా రెండు కేజీల పండుగప్ప పంపింది. లంచం ముట్టనని బావ గుమ్మంలోంచే తిరగ్గొట్టాడు. మా అక్క మిరియం పెరటి దారిన వెళ్ళి ఆ చేపని వెనక్కి తెచ్చి పులుసు పెట్టింది. బావ రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. చేప ఎక్కడిదని ఒక్కసారీ అడగలేదు.

ఈ పెద్దరికమంతా ఉద్యోగం వల్ల వచ్చింది. పోర్టు రోడ్డులో ఎరువుల గోడౌన్ల గేటు దగ్గర బావ ముప్పై ఒక్క ఏళ్ళు నిలబడ్డాడు. పేరు, ఊరు, వచ్చిన టైము, అనుమతి. రిజిస్టరులో ఈ నాలుగు గడులూ నిండకుండా దేవదూత దిగివచ్చినా ఆ గేటు లేచేది కాదు. కంపెనీ యజమాని బావమరిదే ఒకసారి పాస్ మర్చిపోయి వచ్చి గంటన్నర బయట కూర్చున్నాడు.

కూర్చోవడానికి అక్కడ ఒక చెక్క బల్ల ఉండేది. గేటు పక్కన రేకుల షెడ్డు వేయించి బావే ఆ బల్ల పెట్టించాడు. పాస్ మర్చిపోయినవాడు, రాత్రి తాగింది దిగకుండా బస్తాలు మోయడానికి వచ్చిన కళాసీ, నిద్ర చాలక తూలుతున్న లారీ డ్రైవరు, వీళ్ళెవరినీ బావ లోపలికి పంపేవాడు కాదు. అలాగని ఇంటికీ తరిమేవాడు కాదు. "కూకో. మొహం కడుక్కో. మజ్జిగ తాగు" అనేవాడు. మా అక్క రోజూ రెండు సీసాల మజ్జిగ కట్టి పంపేది, ఒకటి మొగుడికి, ఒకటి బల్లకి. గంటో రెండు గంటలో పోయాక మనిషి తేరుకుంటే గేటు లేచేది. రిజిస్టరులో లేటు అని పడేది గానీ ఆ రోజు కూలి పోయేది కాదు. మా అక్క మజ్జిగ రుచి తెలియని కళాసీ మల్కాపురంలో లేడు.

ఆదివారం జ్ఞానోపదేశం తరగతిలో పిల్లలకి ఉత్తరించు స్థలం గురించి చెప్పడానికి బావకి ఆ బల్లే ఆధారం. "మోక్షం గేటు పక్కన బల్లుంటాది. దాని మీద కూకున్నోడు లోపలికెళ్ళీవోడే. ఇంటికి పంపరు" అని చెప్పాడు. ఒక పిల్ల లేచి, అక్కడ మజ్జిగ ఎవరిస్తారని అడిగింది. "మన ప్రార్థనలే మజ్జిగ" అన్నాడు బావ. నేను గుమ్మంలో నిలబడి విన్నాను. నిజం చెప్పొద్దూ, ఎందరో ఫాదర్ల ప్రసంగాలు విన్నా నాకు ఎక్కనిది ఆ ఒక్క ముక్కతో ఎక్కింది. ఆ రోజు మా బావంటే నాకు గౌరవం కలిగింది. ఎక్కువ రోజులు నిలవలేదు లెండి.

ఇంతటి రూల్సు మనిషికి పెళ్ళెలా అయిందో కూడా చెప్పాలి. బావ మా మేనత్త కొడుకు. మా కతోలికుల్లో మేనరికం కుదరదు. తప్పదనుకుంటే పైవాళ్ళ దగ్గర ప్రత్యేక అనుమతి తెచ్చుకోవాలి. బావ మా అక్క కోసం ఆ కాగితం పట్టుకుని మూడు నెలలు తిరిగాడు. అంటే అయ్యగారి సంసారమే స్పెషల్ పాస్ మీద మొదలైంది. ఆ మాట గుర్తుచేస్తే, "అది రూలు ప్రకారం తెచ్చుకున్న పాస్, కేథరిన్" అంటాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

మా గుడిలో ఫాదర్ గారికి సాయంగా ఉండే పాత ఉపదేశి పోయాక, సమాధుల పండుగకి పేర్ల జాబితా రాసే పని బావ మీద పడింది. వేరే పుస్తకమెందుకని కంపెనీలో మిగిలిపోయిన గేటు రిజిస్టరు ఒకటి తెచ్చుకున్నాడు. పేరు, ఊరు, వచ్చిన టైము, అనుమతి. పోయినవాళ్ళందరినీ ఆ గడుల్లోనే ఎక్కించాడు. చనిపోయిన వేళ మూడో గడిలో రాసేవాడు. నాలుగో గడిలో ఏం రాసేవాడో ఎవరికీ చూపించేవాడు కాదు, నోటితో మాత్రం అందరికీ చెప్పేవాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అనలేదు.

వాళ్ళ పక్కింట్లో శ్రీనివాసరావు గారుంటారు. గోదావరి వైపు నుంచి వచ్చి పోర్టులో క్రేన్ నడిపిన మనిషి. ఒకసారి అరుగు మీద కూర్చుని బావని అడిగారు.

"ఏవండీ యోహాన్ గారూ, అయితే మీకూ తద్దినాలున్నాయన్నమాట."

"తద్దినం కాదండి. ఇది శుద్ధి. దీనికో పద్ధతుంది" అన్నాడు బావ.

"మా నాన్నగారికి నేను ఏటా పెడతానండి. ఆయన ఇప్పుడెక్కడున్నారో నాకేం తెలుసండి. ఆకలేస్తుందేమోనని పెడతాను, అంతే."

బావ లేచాడు. లోపలికెళ్ళి రిజిస్టరు సర్దుకున్నాడు. ఎందుకు లేచిపోయాడో మీకు తెలియాలంటే శుభాకర్ గురించి చెప్పాలి. వాడి గురించి నాకు వెటకారం రాదు.

శుభాకర్ మా అక్కకీ బావకీ ఒక్కగానొక్క కొడుకు. నా చేతుల మీద పుట్టాడు. మాట వరసకి అనడం లేదు. నేను పద్మనాభం ఆస్పత్రిలో ఏఎన్ఎంని, నర్సు ట్రైనింగు అయిన ఏడాదే వాణ్ణి నా చేతులతో బయటికి తీశాను. పెద్దయ్యాక తండ్రి పనిచేసే గోడౌన్లలోనే కాంట్రాక్టు కింద బస్తాల లెక్క రాసేవాడు. నవ్వుతూ ఉండేవాడు. గుడికి రావడం మానేశాడు. ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం మూడేళ్ళుగా లేదు, ఈస్టరు పాస్కు పండుగకి సత్ప్రసాదం తీసుకోలేదు. ఆ విషయంలో తండ్రికీ కొడుక్కీ మాటలు కూడా లేకుండా పోయాయి.

పదకొండేళ్ళ కిందట జూన్ నెలలో, స్నేహితుడి పెళ్ళి నుంచి నేరుగా రెండు గంటల షిఫ్టుకి వచ్చాడు. నోరు వాసన వస్తోంది. గేటు దగ్గర తండ్రే ఉన్నాడు. వెనకాల లైనులో పదిమంది నిలబడి, యోహాన్ గారు కన్నకొడుకుని ఏం చేస్తారా అని చూస్తున్నారు. వాళ్ళలో ముగ్గురైనా ఆ వారంలో బల్లెక్కినవాళ్ళే. బావ రిజిస్టరు తీసి, శుభాకర్, మల్కాపురం, రెండు పది, అనుమతి లేదు అని రాశాడు. ఇంటికి పొమ్మన్నాడు. వాడు కాసేపు బల్ల వైపు చూశాడట. బల్ల ఖాళీగానే ఉందట. తర్వాత బైకు తిప్పుకుని వెళ్ళిపోయాడు. సింధియా జంక్షన్ దాటకముందే లారీ కింద పడ్డాడు. బల్ల సంగతి లైనులో ఉన్న కళాసీ అర్జునరావు చెప్పాడు. నలభయ్యో రోజున వచ్చి మా అక్క కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పాడు.

ఆ ఆగస్టు పదిహేనున కంపెనీ వాళ్ళు బావకి శాలువా కప్పారు. డ్యూటీలో కన్నకొడుకునైనా ఉపేక్షించని ఆదర్శ ఉద్యోగి అని మైకులో చెప్పారు. ఆ శాలువా మా అక్క ఉల్లిపాయల బస్తా మీద కప్పింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆ ఏడాది సమాధుల పండుగ జాబితాలో శుభాకర్ పేరు లేదు. అక్క అడిగింది. నేను అక్కడే ఉన్నాను.

"రాసీదానికి లేదు మిరియం" అన్నాడు బావ. "మూడేళ్ళు పాపసంకీర్తనం లేదు. ఆఖరికి వాసనతోటే పోనాడు. ఆడున్న కాడికి మన ప్రార్థనలు ఎళ్ళవు."

"ఎక్కడున్నాడేటి?" అని అడిగింది అక్క.

ఊళ్ళో ప్రతి శవానికీ అడ్రసు చెప్పిన మనిషికి ఆ ఒక్కటి చెప్పడానికి నోరు రాలేదు. ఇన్నాసమ్మ గారి ఆరేళ్ళు రెండేళ్ళ కిందటే అయిపోయాయని, ఆవిడ విడుదలైపోయిందని మాత్రం ఆ రోజే లెక్కకట్టి చెప్పాడు.

అప్పట్నుంచి ఏటా అక్టోబరు ఆఖరున అక్క అడుగుతుంది, బావ రాసేదానికి లేదంటాడు. అన్నంలో మజ్జిగ వేసుకుంటూ అడుగుతుంది, చెయ్యి కడుక్కుంటూ ఆయన లేదంటాడు. పదేళ్ళు ఇదే తంతు. నాకు ఒళ్ళు మండి ఒకసారి, ఈయన్ని అడిగేదేమిటే, నేనే వెళ్ళి ఫాదర్ గారికి చెప్పి పేరు రాయిస్తానన్నాను. అక్క ఒప్పుకోలేదు.

"నా కొడుకు పేరు దేవుడికి నాను రోజూ సెప్తన్నాను కేతూ. ఆయన కాడ లేకపోలేదు. ఆడి నాన్న రాయాల. నాకు కావలసింది అదొక్కటే" అంది.

ఆ ఒక్కటీ ఈ పెద్దమనిషి చేతిలో ఉంది. బండరాయినైనా కదిలించవచ్చు గానీ రూలు పట్టుకున్న మొగాణ్ణి కదిలించడం ఎవరి తరం. సమాధుల పండుగ నాడు మైకు పట్టుకుని ఊరందరి పేర్లూ ఖంగుమని చదివేవాడు. ఎప్పుడూ మూల మీద ఉన్న మారేడు చెట్టు వైపు తిరిగి చదివేవాడు. శుభాకర్ సమాధి రెండో వైపు ఉంటుంది మరి.

ఈ ఏడాది మా గుడికి కొత్త ఫాదర్ గారు వచ్చారు. చిన్న వయసు. సంతకం కోసం బావ రిజిస్టరు పట్టుకెళ్ళిన రోజు నేనూ ఏదో జ్ఞానస్నానం సర్టిఫికెట్టు కోసం అక్కడే ఉన్నాను. ఫాదర్ గారు పేజీలు తిప్పారు. నాలుగో గడి దగ్గర ఆగారు.

"ఇదేంటి యోహాన్ గారూ, 'నాలుగేళ్ళు', 'ఆరు నెలలు' అని?"

"అంచనా ఫాదర్" అన్నాడు బావ వినయంగా.

"ఇక్కడ గీత పెట్టారేంటి?"

"ఆళ్ళకి అవకాశం లేదండి."

ఫాదర్ గారు పుస్తకం మూశారు. "తిరుసభ ఎంతోమందిని పేరుపెట్టి పునీతులని చెప్పింది. ఫలానా మనిషి నరకంలో ఉన్నాడని ఇప్పటిదాకా ఒక్క పేరు కూడా చెప్పలేదు. మీకు తెలుసు కదా."

"సెప్పలేదంటే లిస్టు బయటపెట్టలేదని ఫాదర్."

నాకు నవ్వు ఆగలేదు. ఫాదర్ గారు మాత్రం నవ్వలేదు. "ఆఖరి ఊపిరిలో మనిషి దేవుడితో ఏమన్నాడో మీరు విన్నారా?" అని అడిగారు. "ఆ టైముకి మీరక్కడ లేరు కదా."

పాపం ఆ ఫాదర్ గారికి శుభాకర్ సంగతి తెలియదు. బావ మొహం మాడిపోయింది. టోపీ లేకపోయినా టోపీ సర్దుకున్నట్టు నుదురు తడుముకుని బయటికొచ్చేశాడు.

ఆ తర్వాతి ఆదివారమే ఫాదర్ గారు ప్రకటించారు. ఇకమీదట రిజిస్టరు లేదు. గుడి గుమ్మంలో అట్టపెట్టె పెడతారు, ఎవరికి కావలసిన పేరు వాళ్ళే చీటీ మీద రాసి వేసుకోవచ్చు. పండుగ నాడు సమాధుల దగ్గరే పెట్టె తెరుస్తారు. చదివేది మాత్రం యోహాన్ గారే, గొంతు బాగుంటుంది కనుక.

బావకి వారం రోజులు అన్నం సయించలేదు. "పరిశీలన లేకుండా పేర్లు సదివీడమేటి. గేటు ఎత్తీసి ఒగ్గీసినట్టుంది" అని గొణుక్కుంటూ అరుగు మీద తిరిగాడు. నాకైతే పండగలా ఉంది. వెంటనే అక్క దగ్గరికి పరిగెత్తాను.

"దొరికాడే. శుభాకర్ పేరు రాసి పెట్టెలో పడేయ్. మైకులో చదవక చస్తాడా."

అక్క బియ్యం ఏరుతోంది. ఎదురింటి కృపావతి కూడా అక్కడే ఉంది. వాళ్ళది బాప్టిస్టు సంఘం, ఉత్తరించు స్థలమనే మాట బైబిల్లో చూపించమని బావతో ఇరవై ఏళ్ళుగా తగువు. "పోయినోళ్ళకి సీటీలేటి అక్కా. ఆళ్ళ పని ఆ ప్రభువు సూసుకుంటాడు. బతికున్నోళ్ళకి రాయండి, ఏదైనా పనికొత్తాది" అంది కృపావతి. అక్క చెయ్యి ఆగింది. చిన్నగా నవ్వింది. ఆ నవ్వుని నేను పట్టించుకోలేదు. ఆ సాయంత్రం అక్క చీటీ రాసి మడిచి పెట్టెలో వేయడం మాత్రం నా కళ్ళతో చూశాను. బావకి బాగా అయిందనుకున్నాను.

నవంబరు రెండు. మధ్యాహ్నం నాలుగు గంటలకే సమాధుల తోట నిండిపోయింది. కొత్త సున్నం వాసన, బంతిపూలు, పోర్టు గాలికి ఆరిపోతున్న కొవ్వొత్తులు. శ్రీనివాసరావు గారు కూడా ఒక మూర బంతిపూలు తెచ్చి శుభాకర్ సమాధి మీద పెట్టి, చెప్పులు విప్పి పక్కన నిలబడ్డారు. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని మైకు ముందు నిలబడ్డాడు, మారేడు చెట్టు వైపు తిరిగి. ఫాదర్ గారు పెట్టె తెరిచారు.

బావ ఒక్కో చీటీ విప్పుతూ చదువుతున్నాడు. ప్రతి పేరు ముందూ అర క్షణం ఆగుతున్నాడు. పరిశీలన జరుగుతోందన్నమాట, లోపల్లోపల. గీత పడినవాళ్ళ పేర్లు కూడా వచ్చాయి. మింగలేక కక్కలేక చదివాడు. జనం వరసగా జవాబు చెబుతున్నారు. ముప్పై నలభై పేర్లయ్యాక అలవాటులో పడిపోయాడు. చీటీ విప్పడం, చదవడం, పక్కన పెట్టడం.

"మల్కాపురం వాస్తవ్యుడు, సెక్యూరిటీ గార్డు, యోహాన్."

"ప్రభువా, ఈయన ఆత్మకు నిత్య విశ్రాంతి దయచేయండి" అన్నారు మూడు వందల మంది.

ముందు కుర్ర గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత తోటంతా నవ్వింది. చెవుడున్న ఒక ముసలమ్మ మాత్రం ఛాతీ మీద శిలువ గుర్తు వేసుకుని, "అయ్యో, యోహాన్ పోనాడేటి. మొన్ననే పాల బూతు కాడ సూశాను" అని ఏడుపు ఎత్తుకుంది.

"నాను పోలేదు" అన్నాడు బావ మైకులో. "నానే సదువుతన్నాను." చెవుల దాకా ఎర్రబడ్డాడు. "అందుకే పరిశీలన ఉండాలన్నాను ఫాదర్. పోయినోళ్ళ పేరు రాయమంటే బతికున్నోళ్ళ పేరు రాసీసీవోళ్ళున్నారు. సీటీ రాయడం రాదు ఈళ్ళకి."

ఫాదర్ గారు ముందుకొచ్చి, ఏదో పొరపాటై ఉంటుంది, తరువాతి పేరు చదవమన్నారు.

"పొరపాటు కాదు ఫాదర్. నాను రాశాను."

సమాధుల మధ్యలోంచి మా అక్క వచ్చింది. చేతిలో సంచి, కాళ్ళకి చెప్పుల్లేవు. శుభాకర్ పేరనుకున్నాను నేను.

"ఏటి మిరియం" అన్నాడు బావ. "మతి పోయిందేటి. నాను బతికున్నాను."

"తెలుసు బావా. వండి పెడతన్నది నానే" అంది అక్క. గొంతు పెంచలేదు, కాని మైకు అక్కడే ఉంది, అందరికీ వినిపించింది. "ఉత్తరించు స్థలంలో ఉన్నోళ్ళకే కద ఈ సీటీలు. పదకొండేళ్ళ నుంచి నువ్వు ఆ గేటు కాడే ఉన్నావు. లోపలికి రావు, బయటికి పోవు. అన్నం ముందు కూకున్నా అక్కడే ఉన్నావు. నీకోసం నాను కాకపోతే ఎవులు అడుగుతారు దేవుణ్ణి."

నవ్వులు ఆగిపోయాయి.

"ఊళ్ళో తాగినోళ్ళందరికీ బల్లేశావు. నా సేతి మజ్జిగ తాగించావు. మన గుంటడికి కూకో అనలేదు." అక్క ఆగింది. "ఖాళీగుందంట కద బల్ల."

పదకొండేళ్ళలో అక్క ఈ మాట అనడం అదే మొదటిసారి. తెలియదనుకున్నాడు బావ. అర్జునరావు వచ్చి చెప్పిన సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు.

బావ చేతిలోని చీటీ మడిచాడు, మళ్ళీ విప్పాడు. ఆయన మీద విసరడానికి నేను పదకొండేళ్ళుగా దాచిన మాటలు చాలా ఉన్నాయి. ఒక్కటీ నోటికి రాలేదు. ఆ మనిషిని చూస్తే ఏడుపొచ్చింది, నాకే సిగ్గేసింది.

"పదిమందీ సూత్తన్నారు మిరియం" అన్నాడు చివరికి. "కొడుకుని కూకోబెడితే, సూడు, సొంతోడికో రూలు అంటారనుకున్నాను. కూకోమనాలనే ఉంది. నోటి దాకా వచ్చింది. అరగంట ఆగితే నానే పంపీసీవోణ్ణి ఆణ్ణి."

అక్క ఇంకో అడుగు ముందుకేసింది.

బావ జేబులో పెన్ను ఎప్పుడూ ఉంటుంది, రిటైరైనా పోలేదు ఆ అలవాటు. చీటీ వెనక్కి తిప్పాడు. మోకాలి మీద పెట్టుకుని నింపాదిగా రాశాడు. తర్వాత మైకు పట్టుకుని మారేడు చెట్టు వైపు నుంచి ఇటు తిరిగాడు. కొడుకు సమాధి ఎదురుగా నిలబడి, గేటు దగ్గర చదివే గొంతుతో చదివాడు.

"పేరు, శుభాకర్. తండ్రి పేరు, యోహాన్. ఊరు, మల్కాపురం. వచ్చిన టైము, మధ్యాహ్నం రెండు పది."

అక్కడ ఆగిపోయాడు. నాలుగో గడి మిగిలింది. జనం జవాబు చెప్పడానికి కాచుకుని ఉన్నారు.

"నాను ఆపీసినాను ప్రభువా" అన్నాడు బావ. "నువ్వు ఆపకు. ఆణ్ణి లోపలికి పంపీయ్."

అప్పుడు జనం జవాబు చెప్పారు. ప్రతిసారీ చెప్పినట్టే చెప్పారు, కొంచెం మెల్లగా చెప్పారు. శ్రీనివాసరావు గారికి మా ప్రార్థన మాటలు రావు, చేతులు జోడించి నిలబడ్డారు.

మైకు ఎవరో నా చేతిలో పెట్టారు. పెట్టెలో మిగిలిన చీటీలు నేనే చదివాను, చేతికి వచ్చినవి వచ్చినట్టు. మధ్యలో ఒకసారి తల ఎత్తి చూస్తే, అక్క బావ చెయ్యి పట్టుకుని శుభాకర్ సమాధి సిమెంటు గట్టు మీద కూర్చోబెడుతోంది. సంచిలోంచి సీసా తీసి మూత విప్పింది.

"కూకో బావా" అంది. "మజ్జిగ తాగు. కాసేపాగి ఎళ్దాం."